ముఖము చూచి చెప్పలేము: హెచ్.ఐ.వి. పరీక్షను, దాని దశలను గూర్చిన పాఠము



మన సంఘములలో ఎవరైనను నెలల తరబడి చిక్కిపోవుచుంటే చెవిలో చెప్పుకొను మొదటి మాట "ఆ జబ్బేమో" అని. ఎర్రగా బుర్రగా కనబడు మనిషిని గూర్చి మాత్రము ఎవరికిని ఆ సందేహము రాదు. ఈ రెండు తలంపులును పొరపాటే. చిక్కినవారికి ఉన్నది చక్కెర వ్యాధి కావచ్చును, ఉత్త క్షయ కావచ్చును, థైరాయిడ్ కావచ్చును. పుష్టిగా తిరుగుచున్నవారి రక్తములో హెచ్.ఐ.వి. ఎనిమిది పది ఏండ్లు దాగియుండవచ్చును. ముఖము చూచి తీర్పు తీర్చు ఈ అలవాటు వలననే అనేకులు పరీక్షకు ఆలస్యముగా వెళ్లుచున్నారు.

స్త్రీల సమాజములోను, యౌవనుల కూటములోను బిగ్గరగా చదివి చర్చించుకొనుటకు వీలుగా ఈ పాఠమును చిన్న భాగములు చేసినాము. ముగించు వేళకు మూడు సంగతులు తేటపడవలెను. ఈ రోగమును ఏ పరీక్షతో, ఎప్పుడు నిర్ణయింతురు? చికిత్స లేనియెడల అది ఏ మెట్లు దిగును? చేతికి వచ్చిన కాగితమును ఎట్లు చదువుకొనవలెను?

1. మనము విన్న పాత మాటలు

మనలో నడివయస్సు దాటినవారు ఈ రోగమును గూర్చి మొదట విన్నది 1990 తరువాతి సంవత్సరములలో. గోడల మీద పుర్రె బొమ్మ, దాని క్రింద మందు లేదన్న హెచ్చరిక. ఆనాడు మన ఊళ్లలోని బీదలకు అది నిజమే. నేటికి అది నిజము కాదు. గనుక ముందు కాలక్రమమును సరిచూచుకొందాము.

1981 జూన్ లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ పట్టణమున ఐదుగురు యువకులకు వచ్చిన అరుదైన న్యుమోనియాను గూర్చి వైద్యులు ప్రకటించారు. 1983లో పారిస్ లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాంస్వాజ్ బారె-సినూసి, లూక్ మాంటన్యే గార్ల బృందము ఈ వైరస్ ను కనుగొన్నది. 2008లో వారిరువురికి నోబెల్ బహుమానము లభించినది. 1985లో రక్తపరీక్ష వాడుకలోనికి వచ్చినది.

మన దేశములో ఇది మొదట బయటపడినది 1986లో, చెన్నపట్నములో. మద్రాసు వైద్య కళాశాలలో డాక్టర్ సునీతి సోలమన్ గారి వద్ద చదువుచున్న సెల్లప్పన్ నిర్మల గారు సేకరించిన రక్తపు నమూనాలను వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్షించగా తెలిసినది. అంతవరకు ఇది పరదేశుల జబ్బని, మన దేశమునకు రాదని అనేకులు అనుకొనుచుండిరి. రక్తము తీసి చూచినందుననే ఆ భ్రమ తొలగినది.

1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడినది. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఎ.ఆర్.టి. మందులను ఉచితముగా ఇచ్చుట మొదలుపెట్టినది. రోగము ఎక్కువగా ఉన్న రాష్ట్రములని మొదట ఎంచినవాటిలో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ ఉన్నవి. ఆ దినములలో రోగి రక్షణ శక్తి బాగుగా తగ్గినవరకు మందు మొదలుపెట్టెడివారు కారు. 2017 నుండి ఆ నియమము పోయినది. రోగము తేలినవారందరికి, లెక్క ఎంత ఉన్నను, వెంటనే మందు ఇయ్యవలెనన్నది నేటి పద్ధతి. 2023 నాటి ప్రభుత్వ అంచనా ప్రకారము మన దేశములో 25 లక్షల మందికి పైగా హెచ్.ఐ.వి. తో జీవించుచున్నారు. మనము కాపురమున్న రాష్ట్రములలో మహారాష్ట్ర, కర్ణాటక ఆ లెక్కలో ముందు వరుసలో ఉన్నవి. కనుక ఈ పాఠము మనకు దూరపు సంగతి కాదు.

2. హెచ్.ఐ.వి. ఒకటి, ఎయిడ్స్ ఒకటి

హెచ్.ఐ.వి. అనునది వైరస్ పేరు. అది రక్తములోని సి.డి.4 అను తెల్లకణములలో చొరబడి, వాటిని నశింపజేయుచు వృద్ధి పొందును. ఈ కణములు మన దేహమునకు కావలివారు. కావలి పలుచబడిన కొలది, మామూలుగా మనలను ఏమియు చేయలేని క్రిములు కూడ లోపలికి వచ్చి ప్రాణాంతక వ్యాధులను కలిగించును. ఆ చివరి స్థితికే ఎయిడ్స్ అని పేరు. హెచ్.ఐ.వి. ఉన్న ప్రతివారికి ఎయిడ్స్ ఉన్నట్టు కాదు. సకాలములో మందు మొదలుపెట్టి మానకుండ వాడుకొన్నవారిలో అత్యధికులు ఆ స్థితికి ఎన్నడును రాకుండ ముసలితనము వరకు జీవింపగలరు.

3. పరీక్ష ఎట్లు చేయుదురు?

ప్రభుత్వ ఆసుపత్రులలో ఐ.సి.టి.సి. అను సలహా, పరీక్ష కేంద్రము ఉండును. పరీక్ష ఉచితము. ముందుగా సలహాదారు మాటలాడి, సమ్మతి తీసికొన్న తరువాతనే రక్తము తీయుదురు. త్వరిత పరీక్షకు అరగంట పట్టును.

సాధారణ పరీక్ష వైరస్ ను నేరుగా వెదకదు. వైరస్ కు ఎదురుగా మన దేహము తయారుచేసికొన్న ప్రతిరక్షకములను వెదకును. మొదటి పరీక్షలో అవి కనబడనియెడల ఫలితము నెగెటివ్. కనబడినయెడల అక్కడితో తేల్చరు. వేరు వేరు రకములైన మరి రెండు పరీక్షలు చేయుదురు. మూడును ఒకే మాట చెప్పినప్పుడే పాజిటివ్ అని వ్రాసి ఇత్తురు. మూడు పరీక్షలు పొందికగా లేనియెడల రెండు నుండి నాలుగు వారముల తరువాత మరల రమ్మందురు.

దీని నుండి మనము నేర్చుకొనవలసినది ఒకటున్నది. శస్త్రచికిత్సకు ముందు ప్రైవేటు లేబరేటరీలో చేసిన ఒక్క పరీక్ష పాజిటివ్ అని వచ్చినంత మాత్రమున కుటుంబము కూలిపోనక్కరలేదు. ఆ కాగితమును చించివేయనును కూడదు. దానిని తీసికొని ఐ.సి.టి.సి. కి వెళ్లి మూడు పరీక్షలు చేయించుకొనవలెను. రక్తదానము చేసినప్పుడు రక్తనిధివారు పిలిచి చెప్పిన మాటకును ఇదే వర్తించును. రక్తము సురక్షితముగా ఉండుటకు వారు ఒక్క పరీక్షలో అనుమానము వచ్చినను ఆ సీసాను పారవేయుదురు. అది రక్తమును గూర్చిన జాగ్రత్త, మనిషిని గూర్చిన తీర్పు కాదు.

4. కాలము లెక్క

వైరస్ దేహములో ప్రవేశించిన మరునాడే పరీక్షలో కనబడదు. ప్రతిరక్షకములు తగినంత తయారగుటకు సుమారు మూడు వారముల నుండి మూడు నెలల వరకు పట్టును. ఈ నడిమి కాలములో పరీక్ష నెగెటివ్ అని వచ్చినను వైరస్ ఉండవచ్చును, ఇతరులకు సోకనును వచ్చును. కనుక అపాయము జరిగినదని భయమున్నవారు వెంటనే ఒకసారి, మూడు నెలలు నిండిన తరువాత మరియొకసారి పరీక్ష చేయించుకొనవలెను.

అపాయము జరిగి 72 గంటలు దాటనియెడల ఇంకొక మేలు ఉన్నది. ఆసుపత్రికి వెంటనే వెళ్లినచో 28 దినములు వాడు నివారణ మందులు ఇత్తురు. సూది గుచ్చుకొన్న నర్సులకు, బలాత్కారమునకు గురియైన స్త్రీలకు ఈ సంగతి తెలిసియుండుట మిక్కిలి అవసరము. గంటలు గడిచిన కొలది ఆ మందుల ప్రయోజనము తగ్గును.

5. పసిబిడ్డల సంగతి

తల్లి ప్రతిరక్షకములు గర్భములోనే బిడ్డకు చేరును. అవి ఏడాదిన్నర వరకు బిడ్డ రక్తములో నిలువవచ్చును. కనుక పద్దెనిమిది నెలలలోపు బిడ్డకు సాధారణ పరీక్ష చేసి పాజిటివ్ అని వచ్చినను, అది తల్లి గుర్తు కావచ్చును. ఇట్టి బిడ్డలకు ఆరు వారముల వయస్సులో మడమ నుండి రక్తపు చుక్కలు కాగితముపై తీసి, వైరస్ నే వెదకు పరీక్షకు పంపుదురు. తరువాత కూడ నియమించిన నెలలలో చూచి, పద్దెనిమిది నెలలకు చివరి నిర్ణయము చెప్పుదురు. తల్లి ఒక్క పరీక్షతో ఊరుకొనక చివరి వరకు తీసికొని వెళ్లవలెను.

ఏ చికిత్సయు లేనప్పుడు నూరుగురు బిడ్డలలో 15 నుండి 45 మందికి తల్లి నుండి సోకును. తల్లి గర్భముతో ఉండగానే మందు వాడి, బిడ్డకును మందు ఇచ్చినచో అది అయిదుగురి కంటె తగ్గును. ప్రతి గర్భిణి మొదటి నెలలలోనే పరీక్ష చేయించుకొనవలెననుటకు కారణమిదే. తల్లికి ఆలస్యముగా తేలినప్పుడు పెద్ద పిల్లలను కూడ పరీక్షింపవలెను. పుట్టుకతో సోకి, పది ఏండ్ల వరకు ఎదుగుదల తగ్గి, మాటిమాటికి జబ్బుపడుచు తెలియక ఉండిపోవు పిల్లలు ఉన్నారు.

6. రోగము దిగు మెట్లు

సోకిన రెండు నుండి నాలుగు వారములలో కొందరికి జ్వరము, గొంతునొప్పి, ఒంటిపై దద్దురు, బిళ్లలు కట్టుట కలుగును. ఇది ఫ్లూ జ్వరమువలె వచ్చి దానంతట అదే పోవును. ఎవరును గమనింపరు. తరువాతి గమనమును ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు దశలుగా విభజించినది.

మొదటి దశలో ఏమియు కనబడదు. కొందరికి మెడలో, చంకలలో నొప్పి లేని బిళ్లలు కరగకుండ ఉండును. మనిషి పనిపాటలు చేసికొనుచు తిరుగును. ఇది ఏండ్ల తరబడి సాగవచ్చును.

రెండవ దశలో చిన్న గుర్తులు వచ్చును. కారణము తెలియకుండ బరువు కొంత తగ్గును గాని పదవ వంతు మించదు. అనగా 60 కిలోల మనిషి 6 కిలోలలోపు తగ్గును. పెదవుల మూలలు పగులుట, మాటిమాటికి నోటిపుండ్లు, చెవిలో చీము, సైనసు, మానని దురద పొక్కులు, గోళ్లు పుచ్చుట ఈ దశకు చెందినవి. సర్పి కూడ ఇక్కడిదే. నడుమున గాని రొమ్మున గాని ఒక ప్రక్కనే పట్టీవలె మంటతో లేచు పొక్కులకు మనము సర్పి అందుము. తమిళులు అక్కి అందురు, కన్నడిగులు సర్పసుత్తు అందురు, మరాఠీవారు నాగిన్ అందురు. ఏ పేరు పెట్టినను, కావి పూయించి ఊరుకొనుటతో పని ముగియదు. ముసలివారికి హెచ్.ఐ.వి. లేకున్నను సర్పి రావచ్చును. పడుచు వయస్సులో వచ్చినప్పుడు మాత్రము ఒకసారి పరీక్ష చేయించుకొనుట జ్ఞానము.

మూడవ దశలో బరువు పదవ వంతు కంటె ఎక్కువ తగ్గును. నెల దాటిన జ్వరము, నెల దాటిన నీళ్ల విరేచనములు, నాలుకపైన అంగిటిపైన పెరుగు తరకలవలె తెల్లని పూత, తీవ్రమైన న్యుమోనియా, రక్తము బాగుగా తగ్గుట, ఊపిరితిత్తుల క్షయ ఈ దశ గుర్తులు. మన దేశములో హెచ్.ఐ.వి. ఉన్నవారికి ఎక్కువగా వచ్చు తోడు వ్యాధి క్షయయే. కనుక క్షయ తేలిన ప్రతివారికి హెచ్.ఐ.వి. పరీక్షయు, హెచ్.ఐ.వి. తేలిన ప్రతివారికి క్షయ పరీక్షయు చేయుదురు. క్షయ ఉన్నవారందరికి హెచ్.ఐ.వి. ఉండునని దీని అర్థము కాదు.

నాల్గవ దశయే ఎయిడ్స్. మనిషి ఎముకల గూడగును. పొడిదగ్గుతో మొదలై ఆయాసము పెంచు న్యుమోనియా, మ్రింగలేనంత నొప్పి కలిగించు అన్నవాహిక పూత, ఊపిరితిత్తులకు వెలుపల క్షయ, కంటిచూపు మందగించుట, కొన్ని క్యాన్సరులు వచ్చును. వారముల తరబడి తగ్గని తలనొప్పి, వాంతులు ఉన్నచో మెదడు పొరలకు బూజు క్రిమి సోకియుండవచ్చును. ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట, మూర్ఛలు కూడ కలుగవచ్చును. ఆయాసము, తెలివి తప్పుట, ఒకరి సాయము లేక నడువలేకపోవుట కనబడినప్పుడు ఆ దినమే పెద్దాసుపత్రికి చేర్చవలెను. ఈ దశలోనికి వచ్చినవారు కూడ తోడు వ్యాధికి మందు, ఎ.ఆర్.టి. మందు వైద్యులు చెప్పిన వరుసలో పొంది లేచి నిలిచినవారున్నారు. ఆశ వదలనక్కరలేదు.

ఇక్కడ బల్లపై పెద్ద అక్షరములతో వ్రాసికొనవలసిన మాట ఒకటున్నది. దశలు చూచి హెచ్.ఐ.వి. అని తేల్చరు. పరీక్షలో హెచ్.ఐ.వి. తేలిన తరువాతనే దశ ఎంచుదురు. పైన చెప్పిన ప్రతి గుర్తునకు వేరు కారణములు ఉన్నవి. గుర్తు కనబడినవారిని పరీక్షకు పిలుచుకొని వెళ్లుట ప్రేమ. గుర్తు చూచి పేరు పెట్టుట నింద.

7. రెండు లెక్కలు

చికిత్స కేంద్రములో రెండు లెక్కలు చెప్పుదురు. వీటిని గాదె ఉపమానముతో జ్ఞాపకముంచుకొనవచ్చును. సి.డి.4 లెక్క గాదెలో ఎన్ని గింజలు మిగిలినవో చెప్పును. వైరల్ లోడ్ లోపల ఎన్ని పందికొక్కులు ఉన్నవో చెప్పును. ఆరోగ్యవంతులకు సి.డి.4 లెక్క సాధారణముగా 500 నుండి 1500 వరకు ఉండును. 200 కంటె తగ్గినచో, పైకి బాగున్నను, రోగము ముదిరినట్టే ఎంచి అదనపు పరీక్షలు, కాపుదల మందులు ఇత్తురు. మందు పనిచేయుచున్నదో లేదో తెలుపునది వైరల్ లోడ్. మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు, ఏడాదికి, తరువాత ఏటేటా దానిని చూచెదరు. ఆ సంఖ్య తగ్గక 1000 దాటి ఉన్నచో, మాత్రలు తప్పిపోవుచున్నవా, మందు మార్చవలెనా అని ఆలోచింతురు.

మొదటి వారములలో కొందరికి లోపల దాగిన క్షయ ఒక్కసారి పైకి లేచి జ్వరము రావచ్చును. కోలుకొనుచున్న రక్షణ శక్తి పోరాడుట వలన ఇట్లగును. మందు పడలేదని మానుకొనక వెంటనే వైద్యునికి చూపవలెను.

8. "కనబడలేదు" అను మాట

ఈ పాఠములో ప్రాణముతో ముడిపడిన భాగమిది. మంచి చికిత్స పొందిన మనిషి వైరల్ లోడ్ కాగితముపై "వైరస్ కనబడలేదు" అని వచ్చును. అది గొప్ప సంతోష వార్త. అట్టి స్థితి నిలిచియున్నంత కాలము దాంపత్యము ద్వారా భాగస్వామికి సోకదని పరిశోధనలు స్థిరపరచినవి. అయితే వైరస్ పూర్తిగా పోలేదు. అది దేహపు మూలలలో నిద్రించుచున్నది. మాత్రలు మానిన కొన్ని వారములకే మరల లేచును.

ఈ కాగితమును చూచి స్వస్థత కలిగినదని సాక్ష్యము చెప్పి మందు మానుకొన్నవారిని, ఏడాది తిరుగకముందే నాల్గవ దశలో ఆసుపత్రి మంచముపై మేము దర్శించినాము. ప్రార్థన మానుమని మేము చెప్పము. మాత్ర మానుమని ఎవరును, ఎంత పేరుగల ప్రసంగీకుడైనను, చెప్పరాదు. దేవుని దయ మాత్ర రూపమున వచ్చినదని కృతజ్ఞతతో మ్రింగుటలో అవిశ్వాసము లేదు.

9. సంఘము చేయవలసినవి

మన వృద్ధులకు స్థానిక భాషలో బజారు మాటలు వచ్చును గాని వైద్యపు మాటలు అర్థము కావు. ఐ.సి.టి.సి. లో తమిళమునో, ఒడియానో, మరాఠీనో చెప్పిన సలహాను తెలుగులో వివరించుటకు తోడు అవసరమగును. ఆ తోడును రోగియే ఏర్పరచుకొనవలెను. వెళ్లినవారు విన్నది తమలోనే ఉంచుకొనవలెను. రోగి అనుమతి లేక ఆ మాట ప్రార్థన మనవుల జాబితాలోనికి కూడ ఎక్కరాదు. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము ప్రకారము సమ్మతి లేని పరీక్షయు, రహస్యము వెల్లడి చేయుటయు, పనిలో బడిలో వివక్ష చూపుటయు నేరమో నిషేధమో అయియున్నవి.

వివాహమునకు ముందు పరీక్ష కాగితము తెమ్మని బలవంతపెట్టుటకంటె, వధూవరులిరువురు ఇష్టపూర్వకముగా కలిసి వెళ్లునట్లు ప్రోత్సహించుట మేలు. పైన చెప్పిన కాలపు లెక్క వలన ఒక్క నెగెటివ్ కాగితము పూర్తి హామీ కాదని కూడ వారికి తెలియవలెను.

సొంత ఊరికి పండుగకు గాని పెండ్లికి గాని వెళ్లువారు మాత్రలు లెక్క చూచుకొని, చికిత్స పుస్తకముతో వెళ్లవలెను. కాపురము మారినయెడల క్రొత్త ఊరి కేంద్రమునకు బదిలీ చేయించుకొనవచ్చును. ప్రక్కన కూర్చున్నందున, కలిసి భోజనము చేసినందున, ప్రభురాత్రి భోజనపు గిన్నె పంచుకొన్నందున ఈ రోగము సోకదు. సందేహములున్నవారు 1097 అను ఉచిత ఫోను నంబరుకు తమ పేరు చెప్పకుండనే మాటలాడవచ్చును.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. చిక్కిపోయిన మనిషిని చూచి హెచ్.ఐ.వి. అని ఎందుకు చెప్పలేము?
2. ఒక్క పరీక్ష పాజిటివ్ అని వచ్చినవారు తరువాత ఏమి చేయవలెను?
3. అపాయము జరిగిన నెలకు నెగెటివ్ వచ్చినయెడల మరల ఎప్పుడు పరీక్షింపవలెను?
4. ఆరు వారముల బిడ్డకు వేరు పరీక్ష ఎందుకు?
5. "నెగెటివ్" అను మాటకు, "వైరస్ కనబడలేదు" అను మాటకు భేదమేమి?
6. మన సంఘములో ఒకరు తోడు రమ్మని అడిగినచో, నోరు కట్టుకొని వెళ్లగలవారు ఎవరు?

మొదటి అయిదింటికి జవాబులు పాఠములోనే ఉన్నవి. ఆరవదానికి జవాబును ఎవరికి వారు తమ మనస్సులో చెప్పుకొనవలెను.